నేపాల్ నుంచి ఆర్డరొచ్చింది, తీసుకోనా వద్దా?

పర్లాకిమిడి_కేబులోడు
కేబులు, నెట్టు ఆపరేటర్లకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసిస్తాను. ఎవడు ప్యాక్ వేసుకున్నాడు, ఎవడిది అయిపోయింది, ఎవడి లైను ఆపాలి, అంతే దాని పని. ఇటు కాశీనగరం, గుణుపురం నుంచి అటు పాతపట్నం, టెక్కలి, పలాస దాకా 60 మంది ఆపరేటర్లు వాడుతున్నారు. కనెక్షనుకి నెలకి 4 రూపాయలు తీసుకుంటాను.

మా దగ్గర ఫైబర్ జాయింట్లు వేసిన కుర్రాడొకడు నేపాల్ ఎల్లి జనక్‌పూర్ పక్కన ఒక చిన్న నెట్ కంపెనీలో కుదిరిపోయాడు. ఆడు చెప్పగా ఓనరు నాకు వాట్సాప్ చేశాడు. 1,800 కనెక్షన్లు, నెలకి 12 వేలు ఇస్తానన్నాడు. నా రేటుకి 7,200 అవుతాది కదా, 12 వేలనేసరికి ఎగిరి గంతేసినాను. ఆ మర్నాడు ఇంకో మెసేజీ: 15 శాతం టాక్సు పట్టుకుని మిగతాది పంపుతాం, శ్రావణ్ 1 కల్లా నడవాలి అని.

బ్యాంకుకెళ్ళి నేపాల్ నుంచి డబ్బు రావాలంటే ఏటి చెయ్యాలని అడిగితే కౌంటర్లో ఆవిడ "పంపడమా, రావడమా?" అని మూడుసార్లు అడిగి, లోపలికెళ్ళొచ్చి, "బరంపురంలో కనుక్కోండి" అంది. మేనేజరు తలెత్తలేదు.

ఎవరైనా అటు వైపు పని చేసి డబ్బు తెచ్చుకున్నవాళ్ళుంటే చెప్పండి. చెయ్యగలనా లేదా అన్న సంగతి కాదు. డబ్బు ఇంటికొస్తాదా అని.

ధర్మాబాద్ మిర్చి
12 వేలు ఐసీనా, ఎన్సీనా?

పర్లాకిమిడి_కేబులోడు
అంటే?

ధర్మాబాద్ మిర్చి
ఇండియన్ కరెన్సీనా, నేపాలీ కరెన్సీనా అని. బోర్డరు బజార్లలో మొదటి ప్రశ్న అదే. మన 100కి వాళ్ళవి 160. 1993 నుంచి అదే లెక్క. ఎన్సీ అయితే నీ 12 వేలు 7,500.

పర్లాకిమిడి_కేబులోడు
ఇప్పుడే అడిగినాను. ఎన్సీయే అట. గంతు వెనక్కి తీసుకున్నాను.

సిరొంచ_సిగ్నల్
నవ్వలేక సస్తున్న అన్నా. ఏమనుకోకు, మా దిక్కు గిది రోజూ ఉన్నదే. నది అవతల కాళేశ్వరం. ఇదివరకు మా ఇంట్ల మంచం గుమ్మం దిక్కు ఉంటే ఫోన్ల మహారాష్ట్ర, కిటికీ దిక్కు జరిపితే ఆంధ్ర. రోమింగ్ పైసలు పడుతయని మా నాయిన మంచాన్ని గోడకు కట్టేసిండు. ఒక్క దేశంలనే గిట్లుంటే నువ్వు ఇంకో దేశం పోతనంటున్నవ్.

బరంపురం బాబాయ్
మంచం సంగతి బాగుంది. పర్లాకిమిడి నుంచి పాతపట్నానికి నడిచెళ్ళి మాట్లాడి తిరిగొచ్చేవాళ్ళం. ఫోను చేస్తే ఎస్టీడీ. నేనే ఆ డిపార్ట్‌మెంటులో 31 ఏళ్ళు చేశాను, అయినా నడిచే వెళ్ళేవాణ్ణి.

విషయానికొస్తే, తీసుకో. సాయంత్రం వివరంగా రాస్తాను, ఇప్పుడు మనవణ్ణి ట్యూషన్లో దింపాలి.

లెక్కల లక్ష్మి_రాయగడ
కేబులోడు తమ్ముడూ, నీకు జీఎస్టీ నంబరు ఉందా? ఉందనుకునే రాస్తున్నాను.

సేవల ఎగుమతి అనిపించుకోవాలంటే నువ్వు ఇక్కడుండాలి, కొనేవాడు బయటుండాలి, సేవ అందే చోటు బయటుండాలి, అతను వేరే మనిషై ఉండాలి, నీ బ్రాంచి కాకూడదు. డబ్బు విదేశీ మారకంలో రావాలి. ఈ చివరిదే నేపాల్, భూటాన్‌ల దగ్గర పేచీ పెట్టేది, వాళ్ళు మనకి రూపాయల్లోనే కడతారు కాబట్టి. మా ఆఫీసుకి 2018లో ఒకాయన ఇలాగే వచ్చాడు. నేపాల్‌కి పని చేసి రూపాయలు తీసుకున్నాడు. పన్ను కట్టక్కర్లేదన్నారు గానీ అది ఎగుమతి కాదు, మినహాయింపు అన్నారు. అంటే ఇక్కడ కొన్న సర్వర్లకీ అద్దెకీ కట్టిన జీఎస్టీ వెనక్కి రాలేదు. 2019 ఫిబ్రవరి 1 నుంచి చట్టంలో మాట మార్చారు: రిజర్వు బ్యాంకు ఒప్పుకున్న చోట రూపాయల్లో వచ్చినా ఎగుమతే. నువ్వు ఆ తర్వాతవాడివి, అదృష్టం.

ఎల్‌యూటీ పెట్టు, అంటే పన్ను ముందు కట్టకుండా ఎగుమతి చేస్తానని ఇచ్చే హామీ పత్రం. ప్రతి ఆర్థిక సంవత్సరానికీ కొత్తగా పెట్టాలి, పోర్టల్లో పది నిమిషాల పని. పెట్టకపోతే ముందు ఐజీఎస్టీ కట్టి, తర్వాత రిఫండ్ కోసం తిరగాలి. బ్యాంకులో నేపాల్ అని మొదలెట్టకు, భయపడిపోతారు. "సాఫ్ట్‌వేర్ సేవకి బయటి దేశం నుంచి జమ, పర్పస్ కోడ్ పి 0802" అను. జమ అయ్యాక ఎఫ్‌ఐఆర్‌సీ, అంటే డబ్బు బయటి దేశం నుంచి వచ్చిందని బ్యాంకిచ్చే కాగితం, అడిగి తీసుకో. అది లేకపోతే రేపు ఆఫీసరు ముందు నీ ఇన్వాయిసు చిత్తుకాగితం.

పర్లాకిమిడి_కేబులోడు
జీఎస్టీ ఉంది అక్కా. మరి ఆ 15 శాతం? ఆడు పట్టుకుంటే నాకు వెనక్కి రాదా?

లెక్కల లక్ష్మి_రాయగడ
అక్కడి చట్టం ప్రకారం బయటివాళ్ళకి సేవా రుసుము కట్టేటప్పుడు 15 శాతం పట్టుకుంటారు. రెండు దేశాల మధ్య ఒప్పందం ఉంది, 2011లో కుదిరింది. అక్కడ కట్టింది ఇక్కడి పన్నులో తగ్గించమని దానికున్న ఫారం పెట్టి అడగొచ్చు. కానీ అసలు ఇక్కడ నీకు పన్నెంత పడుతుంది? 2025 ఏప్రిల్ నుంచి కొత్త పద్ధతిలో 12 లక్షల దాకా రిబేటు. నీ నికర ఆదాయం అంత లేదనుకో, కట్టాల్సిందే సున్నా. సున్నాలోంచి ఏం తగ్గిస్తారు? పట్టుకున్న 15 శాతం గోవిందా.

అందుకే ధరలోనే కలుపు. చేతికి 7,500 రావాలంటే 8,824 అడగాలి.

ధర్మాబాద్ మిర్చి
చూశారా, 12 వేల నుంచి 7,500కి, అక్కడి నుంచి 6,375కి. ఇంకో రెండు పోస్టులు వేస్తే ఈయనే నెలనెలా వాళ్ళకి కట్టాల్సొస్తుంది.

తమాషాకి కాదు, నిజంగానే అంటున్నా, వదిలెయ్. చిన్న మార్కెట్‌కి వెళ్తే చిన్న డబ్బు, పెద్ద తలనొప్పి. మలేషియా నుంచి వచ్చిన ఆక్సియాటా అంత పెద్ద కంపెనీ. 2016లో నేపాల్ మొబైల్ కంపెనీ ఎన్సెల్ కొనుక్కుంది, ఏళ్ళ తరబడి పన్ను కేసుల్లో నలిగింది, 2023 డిసెంబర్లో వాటా అమ్ముకుని పోయింది. ఏనుగు మునిగిన చోట ఎలుక ఈత కొడతానంటే ఎట్లా? అదే శ్రమ నిజామాబాద్‌లో పెట్టు, ఆరు వేల కనెక్షన్ల ఆపరేటరుని నేను చూపిస్తా.

సిరొంచ_సిగ్నల్
ఏనుగు మునిగేది బరువుకు కాక. ఎలుక తేలుతది.

జైపూర్_స్ప్లైసర్
నేను రెండుసార్లు వెళ్ళాను నేపాల్, ఫైబర్ పనికి. కూలి డబ్బు బాగానే ఇచ్చారు, మనుషులు మంచోళ్ళు. వెళ్ళేటప్పుడు ఫైబర్ అతికే నా స్ప్లైసింగ్ మిషన్ పెట్టె భుజాన వేసుకుని నడిచి దాటేశాను, ఎవరూ అడగలేదు. తిరిగొచ్చేటప్పుడు మన వైపు కౌంటర్లో పెట్టె తెరిపించారు. "ఇది అక్కడ కొన్నావా?" "లేదు సార్, ఒడిశా జైపూర్‌లో కొన్నాను." "రుజువేది?" బిల్లు ఇంట్లో బీరువాలో ఉంది. మిషన్ మీద సీరియల్ నంబరు, బిల్లు మీద సీరియల్ నంబరు ఒకటేనని చూపించేదాకా అది వాళ్ళ బల్ల మీదే. మా ఆవిడకి బీరువాలో బిల్లు దొరకడానికి రెండు రాత్రులు పట్టింది. సైకిలు బిల్లు, మిక్సీ బిల్లు, మా పెళ్ళి బ్యాండువాళ్ళ రసీదు అన్నీ ఫొటోలు తీసి పంపింది, అది తప్ప.

నువ్వు సాఫ్ట్‌వేరోడివి, భుజాన పెట్టె లేదు. కానీ లాప్‌టాపూ రౌటర్లూ పట్టుకెళ్తే బిల్లులు ఫోన్లో ఉంచుకో. ఓటరు కార్డు పెట్టుకో, ఆధార్ మీద ధీమా వద్దు.

సిరొంచ_సిగ్నల్
ఓటరు కార్డంటే మీ కోరాపుట్ దిక్కు కొటియాల రెండేసి ఉంటయంట కదా, ఒకటి ఒడిశాది, ఒకటి ఆంధ్రది. ఏది చూపెట్టాలె?

జైపూర్_స్ప్లైసర్
రెండూ చూపిస్తే రెండుసార్లు దాటొచ్చు.

బరంపురం బాబాయ్
ట్యూషన్ అయింది, కాఫీ అయింది, రాస్తున్నాను.

మిర్చీ, ఎన్సెల్ సంగతి వేరు. వాళ్ళు అక్కడ టవర్లు నాటారు, లైసెన్సు తీసుకున్నారు, అక్కడి జనం దగ్గరే డబ్బు వసూలు చేశారు. మనవాడు ఇక్కడ కూర్చుని ఒక పనిముట్టు అమ్ముతున్నాడు. రెండూ ఒకే గాటన కట్టకు.

నేపాల్, భూటాన్ రెండింటికీ సముద్రం లేదు. సముద్రం అడుగున వచ్చే కేబులు దిగడానికి ఒడ్డే లేదు. కాబట్టి వాళ్ళ ఇంటర్నెట్ భూమి మీద పక్కవాడి పొలంలోంచి రావాలి. నేపాల్‌కి 2018 జనవరిలో రసువాగఢీ దగ్గర చైనా లైను కలిసింది. అంతవరకూ ఉన్నదంతా మన నేల మీంచే. ఇప్పటికీ ఎక్కువ మనదే. భూటాన్‌కి వెళ్ళే దారులైతే ఎక్కువగా సిలిగురి దగ్గరి ఆ సన్నటి మెడలోంచే. మనం ఎగుమతి అంటే ఓడలూ కంటైనర్లూ అనుకుంటాం గానీ, ఆ దేశాలకి మనం పొద్దస్తమానం ఎగుమతి చేస్తున్నది ఇదే.

ఇక నీ డబ్బు భయం. అది ఉత్త భయం కాదు. 2024 మే నెల మొదట్లో ఒక సాయంత్రం నేపాల్‌లో బోలెడు ఇళ్ళకి నెట్ పోయింది, కొన్ని గంటల పాటు. ఎక్కడా కేబులు తెగలేదు. ఇటు నుంచి బ్యాండ్‌విడ్త్ అమ్మేవాళ్ళు బాకీ రాలేదని ఆపేశారు. అక్కడి కంపెనీల దగ్గర డబ్బు లేకనా? కాదు. వాళ్ళకీ వాళ్ళ ప్రభుత్వానికీ రాయల్టీ మీద, గ్రామీణ టెలికం నిధి మీద తగాదా. ఆ బకాయి కడితేగానీ విదేశానికి డబ్బు పంపడానికి సిఫారసు ఇవ్వం అని ప్రభుత్వం కూర్చుంది. పంపడానికి చీటీ లేదు, ఇటు బాకీ పెరిగింది, ఫ్యూజు పీకారు.

నీ జనక్‌పూర్ ఓనరు ఎంత మర్యాదస్తుడైనా, అతని చేతిలో డబ్బుంటే సరిపోదు. పంపడానికి అనుమతి ఉండాలి. మొదటి ప్రశ్న అది అడుగు. ఇదివరకు ఇండియాలో ఎవరికైనా పంపావా, ఏ బ్యాంకు ద్వారా, ఎన్నాళ్ళకి చేరింది? చెప్పగలిగితే మంచివాడు. నీళ్ళు నమిలితే ఏడాది డబ్బు ముందు తీసుకో.

రెండోది, సర్వరు ఎక్కడ పెడతావు?

పర్లాకిమిడి_కేబులోడు
ముంబైలో క్లౌడ్ మీద బాబాయ్. అందరిదీ అక్కడే.

బరంపురం బాబాయ్
అదే వద్దంటున్నాను. కస్టమరు రౌటర్ ఆన్ చెయ్యగానే పేరు, పాస్‌వర్డు సరిచూసే రేడియస్ కూడా ముంబైలో ఉంటే, ఆ మే సాయంత్రం లాంటిది వచ్చిన రోజు ఒక్కడు కూడా లాగిన్ అవ్వలేడు. బయటి లైను లేకపోయినా ఊళ్ళో కాష్ సర్వర్లలో ముందే దాచిన వీడియోలైనా ఆడాలి కదా. రేడియస్ అక్కడే వాళ్ళ గదిలో ఒక చిన్న మిషన్ మీద పెట్టు. ముంబైకి రాత్రిపూట నకలు పంపించు.

ధర్మాబాద్ మిర్చి
బాబాయ్ మాట్లాడితే నాకూ నేపాల్ వెళ్ళాలనిపిస్తోంది. అయినా ఫోన్‌పే చేయించుకోక ఈ బ్యాంకులెందుకు?

గుణుపురం పిల్ల
అక్కడ ఫోన్‌పే వేరు మిర్చి గారూ! పేరు ఒకేలా వినిపిస్తుంది గానీ అది నేపాల్ కంపెనీ. 2024 మార్చి నుంచి దాని క్యూఆర్ మీద మన యూపీఐ పనిచేస్తోంది. అది మనవాళ్ళు అక్కడి కొట్లో కట్టడానికి. ఆయన ఇటు వ్యాపారం డబ్బు పంపడానికి కాదు.

నేను హైదరాబాద్‌లో ఉన్నప్పుడు మూడేళ్ళు ఒక నేపాలీ సహకార సంఘానికి కోడ్ రాశాను. ఇప్పుడు గుణుపురంలో ఇంటి నుంచే. కేబులోడన్నా, డబ్బు గురించి అందరూ చెప్పారు, అసలు దెబ్బ ఎక్కడ తగులుతుందో నేను చెప్తా: తారీకుల్లో.

శ్రావణ్ 1 అన్నాడు కదా, అది వాళ్ళ ఆర్థిక సంవత్సరం మొదలు. 2025లో మనకి జూలై 17. వాళ్ళది విక్రమ సంవత్, ఆ లెక్కన అది 2082. సౌరమాసాలు. నెలకి 29 రోజులు ఉండొచ్చు, 30, 31, 32 కూడా ఉండొచ్చు. ఏ ఏడు ఏ నెలకి ఎన్నో సూత్రం పెట్టి లెక్కకట్టేద్దామనుకోవద్దు, పంచాంగం వేసినవాళ్ళు చెప్పిన పట్టికే దిక్కు. అందరూ ఆ పట్టికనే కోడ్‌లో పెట్టుకుంటారు. మన తెలుగువాళ్ళకి ఉగాది చంద్రుడితో కాబట్టి వింతగా ఉంటుంది. మీ పక్కింటి ఒడియా వాళ్ళని అడగండి, పణా సంక్రాంతికి ఏడాది మారుతుంది కదా, అదే లెక్క. వాళ్ళ పంచాంగం, అదే పాంజిలో 32వ తేదీ చూసే ఉంటారు.

ఇంకోటి, టైము. నేపాల్ మనకంటే 15 నిమిషాలు ముందు. సర్వరు మన టైములో అర్ధరాత్రి ప్యాక్‌లు ఆపితే అక్కడ 12:15. అందరికీ పావుగంట ఉచితం, దానికెవరూ గొడవ చెయ్యరు. కానీ అక్కడ 12:05కి ఒకడు రీచార్జి చేస్తే నీ సర్వరు ముందురోజు తారీకు వేస్తుంది. వాడికి ఒక రోజు పోతుంది. దానికి గొడవ చేస్తారు.

పేర్లు: కస్టమర్ల లిస్టు ఎక్సెల్లో పంపుతారు. తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలూ, గీతలూ, బ్రాకెట్లూ. కంగారుపడకు, అది ప్రీతి ఫాంటు. మన అను ఫాంట్లలాంటిదే, పాతది, యూనికోడ్ కాదు. మార్చే టూల్స్ దొరుకుతాయి, అర్ధాక్షరాల దగ్గర చెయ్యి పెట్టి సరిచెయ్యాలి.

పర్లాకిమిడి_కేబులోడు
అను ఫాంట్ అనేసరికి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. పాతపట్నం ప్రెస్సోడి దగ్గర ఏడాది చేశాను.

లెక్కల లక్ష్మి_రాయగడ
గుణుపురం చెల్లీ, అక్కడ బిల్లు ఏ సాఫ్ట్‌వేర్‌తో పడితే దాంతో కొట్టనివ్వరని విన్నాను, నిజమేనా?

గుణుపురం పిల్ల
నిజమే అక్కా, అది రాయడం మర్చిపోయాను. వాళ్ళకి వ్యాట్ 13 శాతం. పన్ను బిల్లు ఇచ్చే సాఫ్ట్‌వేర్ వాళ్ళ పన్నుల శాఖ జాబితాలో ఉండాలి, పెద్ద వ్యాపారాలైతే బిల్లు వెంటనే శాఖ సర్వరుకి కూడా వెళ్ళాలి. కేబులోడన్నది ఆ జాబితాలో లేదు కదా. అందుకని బిల్లు జోలికి వెళ్ళొద్దు. ప్యాక్‌లు, లాగిన్లు, కట్టడం, ఆపడం మాత్రం మనది. బిల్లు వాళ్ళు ఇప్పటికే వాడుతున్న అక్కడి సాఫ్ట్‌వేర్‌లో. మధ్యలో ఒక తీగ కలుపు చాలు.

చంద్రగిరి_కాఫీ
భూటాన్ గురించి ఎవరూ రాయలేదు. అక్కడైతే గుల్ట్రుమ్, రూపాయి ఒకటికొకటి. ఐసీ, ఎన్సీ గొడవే లేదు. జనాభా మొత్తం 8 లక్షల లోపు, మొబైల్ కంపెనీలు రెండే. టీవీ, ఇంటర్నెట్ రెండూ 1999లోనే వచ్చాయి. ఒక చిన్న హోటల్‌కి వైఫై సెట్ చేసి రౌటర్లు పంపాను. అడ్రసు ఫుంట్‌షోలింగ్. మా చంద్రగిరిలో టిబెటన్ల కాలనీ పేరు ఫుంట్‌సోక్‌లింగ్. కొరియర్ కుర్రాడు పిన్‌కోడ్ చూడలేదు. "ఊళ్ళోనే కదండీ" అని జిరాంగో దాకా తీసుకెళ్ళి, అక్కడ ఎవరూ తీసుకోకపోతే తెచ్చి మళ్ళీ నాకే ఇచ్చాడు. డెలివరీ చార్జీ రెండుసార్లు.

సిరొంచ_సిగ్నల్
గిది అసలైన పొరుగు మార్కెట్టు. పోయి ఇంటికే అచ్చింది.

ధర్మాబాద్ మిర్చి
భూటాన్ టూరిస్టుగా వెళ్తే మనకి రోజుకి 1,200 రుసుము. సాఫ్ట్‌వేర్ పెట్టడానికి పది రోజులు పడితే 12 వేలు. ఆ అంకె కేబులోడి జాతకంలో రాసిపెట్టి ఉంది.

పర్లాకిమిడి_కేబులోడు
తీసుకున్నాను. బాబాయ్ చెప్పిన ప్రశ్న అడిగితే ఓనరు తడుముకోకుండా చెప్పాడు. రౌటర్లు కొన్న కోల్‌కతా పార్టీకి నిరుడు పంపాడట, బ్యాంకు పేరు చెప్పాడు, 19 రోజులు పట్టిందన్నాడు, ఆ కాగితం కూడా ఫొటో పెట్టాడు. నెలకి 8,824 అడిగితే 8,500 ఐసీకి దిగాడు, ఆరు నెలలది ముందే. నెలనెలా తెప్పిస్తే బ్యాంకు ఖర్చులకే సరిపోద్దని లక్ష్మక్క ఫోన్లో చెప్పింది.

రేపు పలాసలో రైలెక్కి హౌరా, అక్కణ్ణించి జయనగర్. అక్కడ నేపాల్ రైలుంది, 2022లో మళ్ళీ మొదలెట్టారు, జనక్‌పూర్‌లో దింపుతాది.

బరంపురం బాబాయ్
సీతమ్మవారి పుట్టింటికి వెళ్తున్నావు. ఆడపెళ్ళివారి ఊరు, భోజనానికి లోటుండదు.

పర్లాకిమిడి_కేబులోడు
జనక్‌పూర్ నుంచి. బాబాయ్ మాట నిజం. నేను వచ్చిన రెండో రోజు అసార్ 15. నాట్ల పండగట. పెరుగూ అటుకులూ పెట్టారు, మామిడిపండు పిసికి. మన అటుకుల్లాగే ఉన్నాయి. ఇక్కడ మాట్లాడేది మైథిలి, నాకొచ్చిన ఒడియాతో సగం అర్థమైపోతోంది. తెలుగు ఏ మూలకీ పనికిరాలేదు.

ఓనరు ఆఫీసు ఒక మేడ మెట్ల కింద. రేడియస్ మిషన్ పెట్టడానికి చోటు వెతికితే దేవుడి అలమరా కింది అర దొరికింది. పొద్దున్న అగరొత్తి పొగ నేరుగా ఫ్యాన్‌లోకే. జరపమంటే ఇంట్లో పెద్దావిడ ఒప్పుకోలేదు. ఆఖరికి మిషన్ మీద ఒక రేకు వంచి కట్టాను. అదీ మన ఎగుమతి.

ప్రీతి ఫాంటు పేర్లు మూడు రాత్రులు దిద్దాను. 1,800లో ఒక 200 చేత్తో.

జైపూర్_స్ప్లైసర్
లాప్‌టాప్ బిల్లు ఉందా?

పర్లాకిమిడి_కేబులోడు
ఫోన్లో ఉంది. మిక్సీ బిల్లు కూడా పెట్టుకున్నాను, ఎందుకైనా మంచిది.

పర్లాకిమిడి_కేబులోడు
జూలై 16, రాత్రి. ఇంటికొచ్చి నాలుగు రోజులైంది. గుణుపురం చెల్లి తిట్టకూడదు.

పట్టిక పెట్టాను. తారీకు మార్చే చోట పెట్టాను. కానీ ప్యాక్ పొడిగించే చోట నా పాత కోడ్ ఒకటి మిగిలిపోయింది, అందులో "తేదీ 31 దాటితే తప్పు" అని ఒక లైనుంది. ఎనిమిదేళ్ళ కిందట నేనే రాసి గర్వపడ్డ లైను. ఇవాళ వాళ్ళకి అసార్ 32. సంవత్సరం ఆఖరి రోజు. పొద్దున్నించి రీచార్జి చేసిన ప్రతివాడికీ "తేదీ తప్పు" అని వస్తోంది. ఓనరు మర్యాదగానే మాట్లాడాడు, "దాజూ (అన్నా), మా క్యాలెండర్ తప్పంటోంది మీ సాఫ్ట్‌వేర్" అన్నాడు. సిగ్గుతో చచ్చాను.

గుణుపురం పిల్ల
తిట్టను. మొదటి ఏడాది నేనూ అదే చేశాను, నాది సహకార సంఘం వడ్డీ లెక్క. ఆ లైను ఎన్ని చోట్ల ఉందో వెతికావా?

పర్లాకిమిడి_కేబులోడు
ఐదు చోట్ల. తీసేశాను. 143 మందికి ఒక రోజు ఉచితంగా కలిపాను.

ధర్మాబాద్ మిర్చి
నేను వద్దన్నాను. గుర్తుందని చెప్తున్నా, అంతే.

లెక్కల లక్ష్మి_రాయగడ
ఆగస్టు వచ్చేసింది, డబ్బు సంగతి చెప్పు ముందు.

పర్లాకిమిడి_కేబులోడు
ఆగస్టు 4న పడింది అక్కా. ఆరు నెలలది, 51 వేలకి 15 శాతం పోగా 43,350, అందులో బ్యాంకు ఇంకో 900 తీసుకుంది. ఎఫ్‌ఐఆర్‌సీ అడిగితే మళ్ళీ కౌంటర్లో ఆవిడే. "పంపడమా, రావడమా?" అంది. "వచ్చేసింది మేడం" అన్నాను.

సిరొంచ_సిగ్నల్
అన్నా, నేపాల్‌ల లొల్లి అయితాంది కదా, టీవీల చూసినం. మీ ఓనరు మంచిగున్నడా?

పర్లాకిమిడి_కేబులోడు
సెప్టెంబర్ 4న అక్కడి ప్రభుత్వం ఫేస్‌బుక్‌తో సహా 26 యాప్‌లు ఆపమంది కదా, మర్నాటికి కస్టమర్లంతా నెట్ పోయిందనుకుని ఈళ్ళ ఆఫీసు ముందు నిలబడ్డారట. నెట్ ఉంది, ఫేస్‌బుక్ లేదు. ఆడికి తేడా ఎవరు చెప్తారు? గొడవలు జరిగిన 8, 9 తేదీల్లో నాకు ఫోను కలవలేదు. ఇక్కణ్ణించి రేడియస్ చూస్తే 1,600 మంది లాగిన్ అయ్యున్నారు. ఆ అంకె చూసుకుంటూ కూర్చున్నాను రాత్రంతా, ఆ మిషన్ ఆడుతోందంటే ఇల్లు నిలబడే ఉందని. 10న చేశాడు. అందరూ బాగున్నారు.

బరంపురం బాబాయ్
నేనూ ఆ రెండు రోజులు అడుగుదామనుకుని, నిన్ను కంగారుపెట్టడమెందుకని ఊరుకున్నాను.

చంద్రగిరి_కాఫీ
అంటే ఇక ముందు కూడా వాళ్ళతోనేనా? మిర్చి గారు చూపిస్తానన్న నిజామాబాద్ పార్టీ ఏమైంది?

ధర్మాబాద్ మిర్చి
ఆ ఆరు వేల కనెక్షన్లవాడు నాలుగు నెలల బాకీ పెట్టి మా బావమరిది ఫోను ఎత్తడం లేదు. అడగొద్దు.

పర్లాకిమిడి_కేబులోడు
ఇంకో సమస్య. దశైన్‌కి ఈళ్ళ ఆఫీసు పది రోజులు మూస్తారట. పండక్కి ఊరొచ్చినోళ్ళంతా కొత్త ప్యాక్‌లు వేసుకుంటారు, అప్పుడే గిరాకీ ఎక్కువ. ఫోన్లన్నీ నాకు తిప్పేస్తానంటున్నాడు. ఆళ్ళ దశైనంటే మన దసరాయే కదా. మా ఇంట్లో అమ్మవారికి మొక్కుంది, నవమి నాడు నేను ఫోను ముట్టుకుంటే మా అమ్మ ఊరుకోదు.

గుణుపురం పిల్ల
నాకు నేపాలీ వచ్చు. నవమి, దశమి నేను చూస్తా. మిగతా రోజులు నీవే. ఒక రోజుకి 500, ఐసీ.

పర్లాకిమిడి_కేబులోడు
ఎన్సీ అనుకున్నాను. సరే. పాస్‌వర్డు ఇన్‌బాక్సులో పెట్టాను, చూడు.